సీతాఫలాల కాలంలో మెట్టకు వెళ్లొద్దామా? తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి దాటిందంటే చాలు, మా బంధువుల్లో, ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెడతారు. "ఉదయగిరి వైపు మెట్టలో సీతాఫలం కాయలు వచ్చాయా? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? పోయినసారి తెచ్చినవి మగ్గలేదు, ఎందుకని?" ఏటా ఇవే సందేహాలు. అందుకే అడిగినవాళ్లు అడిగిన మాటల్లోనే రాసి, ఒక్కోదానికి జవాబు పెట్టాను. ఏది కావాలంటే అది చదువుకోవచ్చు. 2022లో జిల్లాలను విడదీసినప్పటి నుంచి ఏ ఊరు ఏ జిల్లాలో ఉందో అందరికీ తికమకగానే ఉంది కాబట్టి, వీలైన చోటల్లా మండలం పేరే ఇచ్చాను.

## బయలుదేరే ముందు

కశ్మీర్‌లో యాపిల్ తోటలకు వెళ్తారు కదా, మన నెల్లూరు, ప్రకాశంలో అలాంటిది ఏముంది?

యాపిల్ తోటలు లేవు. యాపిల్ చెట్టు పూతకు రావాలంటే చలికాలంలో కొన్ని వందల గంటలపాటు 7 డిగ్రీల లోపు చలి తగలాలి. ఆ చలి మనకు ఎక్కడిది? కానీ కశ్మీర్‌లో, హిమాచల్‌లో యాపిల్ కోసే ఆ రోజుల్లోనే మన వెలిగొండల్లో, నల్లమల అంచుల్లో సీతాఫలం పండుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని కూడా కస్టర్డ్ యాపిల్, షుగర్ యాపిల్ అనే పిలిచారు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతం. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చిందని చెబుతారు. వచ్చింది ఎక్కడినుంచైనా ఈ రాళ్ల నేలను సొంతం చేసుకుంది. నీళ్లు పెట్టేవాళ్లు ఉండరు, ఎరువు వేసేవాళ్లు ఉండరు, ఆకు మేక కూడా ముట్టదు. అయినా ఆశ్వయుజం వచ్చేసరికి కొమ్మకొమ్మకూ కాయ ఉంటుంది. శరదృతువులో చూడాల్సిన పండు మన దగ్గరే ఉందని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఏ నెలలో వెళ్తే కాయ బాగా దొరుకుతుంది?

సెప్టెంబర్ చివరి నుంచి దీపావళి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పూత మొదలవుతుంది. పిందె పడ్డాక కాయ ముదరడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. తొలకరి వానలు బాగా పడిన ఏడాది కాయ ముందే వస్తుంది, బలంగానూ ఉంటుంది. వాన లేటయితే కాయ కూడా లేటే. ఆగస్టులోనే టౌన్‌లో బండ్ల మీద కనిపిస్తాయి గానీ, వాటిలో చాలా వరకు బయటి నుంచి వచ్చినవో, ముదరకముందే కోసినవో అయి ఉంటాయి. దసరా సెలవులకు పెట్టుకుంటే పిల్లలకు బడి గొడవ ఉండదు, కాయ కూడా సరైన అదనులో ఉంటుంది.

కార్తీక మాసంలో వనభోజనాలతో కలిపి వెళ్దామనుకుంటున్నాం. వానలతో ఇబ్బంది ఉంటుందా?

ఉంటుంది. ఈ సంగతి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ముందే గట్టిగా చెబుతాను. తెలంగాణలో అక్టోబర్‌తో వానలు వెనక్కి తగ్గుతాయి. నెల్లూరుకు అసలు వానకాలం అప్పుడే మొదలు. ఈశాన్య రుతుపవనాల మీదే మనం బతుకుతున్నాం. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో వాయుగుండాలు, తుఫాన్లు వస్తూనే ఉంటాయి.

ఒక ఏడాది కార్తీక సోమవారం మేం భైరవకోన నుంచి తిరిగొస్తున్నాం. మా దగ్గర చినుకు కూడా లేదు. కానీ పైన కొండల్లో ఎక్కడో కుండపోత పడినట్టుంది, దారిలో చప్టా మీదుగా ఎర్రటి నీళ్లు మోకాలి లోతున పోతున్నాయి. అవతల గట్టున ఒక ముసలాయన తుండుగుడ్డ ఊపుతూ "రావద్దు, రావద్దు" అని అరిచాడు. ఆయన మాట విని ఆగిపోయాం. రెండు గంటల తర్వాత నీళ్లు తీశాక చూస్తే, చప్టా అంచు ఒకవైపు కోసుకుపోయి ఉంది. ఆ రోజు మొండిగా కారు దింపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. అల్పపీడనం వార్త ఉంటే ప్రయాణం వారం వాయిదా వేసుకోండి. వాగు పొర్లుతుంటే ఎంత పొద్దుపోయినా సరే, దాటకండి.

నెల్లూరు నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

ఉదయగిరి వరకైతే హాయిగా రావచ్చు. సంగం, ఆత్మకూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయలుదేరి, దారిలో టిఫిన్ చేసుకుని వెళ్తే ఎండ ముదరకముందే కొండ కింద ఉంటారు. ఉదయగిరి, సీతారామపురం, భైరవకోన మూడూ ఒకే రోజు చూడాలనుకుంటే మాత్రం ఏదీ సరిగ్గా చూడలేరు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే రెండు రోజులు పెట్టుకోండి.

కారు లేదు. బస్సులో, రైల్లో వెళ్లగలమా?

నెల్లూరు, ఆత్మకూరు, కావలి నుంచి ఉదయగిరికి ఆర్టీసీ బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లు కావలిలో దిగి కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా బస్సులో వెళ్లొచ్చు. నల్లమల వైపు వెళ్లేవాళ్లకు ఇంకా సులువు. గుంటూరు–నంద్యాల లైన్లో మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు స్టేషన్లు వరుసగా వస్తాయి. బస్సు స్టాండు నుంచి గుళ్లకు, పల్లెలకు ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణం కూడా అదే ఆటోతో కలిపి మాట్లాడుకోండి, సాయంత్రం అక్కడ వేరే బండి దొరకదు.

వెంట ఏం తీసుకెళ్లాలి?

అందరూ మర్చిపోయేది బుట్ట. ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన సీతాఫలం ఇంటికి వచ్చేసరికి గుజ్జు అవుతుంది. వెదురు బుట్ట గానీ, పక్కలకు రంధ్రాలున్న ప్లాస్టిక్ క్రేటు గానీ, అడుగున పరచడానికి వరిగడ్డి లేదా పాత చీర ముక్క చాలు. నీళ్లు, తొడిగే బూట్లు, గొడుగు, చిల్లర నోట్లు. ఫోన్‌తో డబ్బులు కడదామంటే కొండ పక్క పల్లెల్లో సిగ్నల్ దొరక్కపోవచ్చు.

## కొండల దగ్గర

ఉదయగిరిలో పండ్లు కాకుండా చూడటానికి ఏముంది?

కొండే ఉంది. ఎత్తు 3,079 అడుగులు. మబ్బు పట్టిన రోజున ఊళ్లో నిలబడి చూస్తే పై అంచు కనిపించదు. ఈ దుర్గం ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్నప్పుడు శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి, 1514లో గెలిచాడు. గెలిచి ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దాని కోసం అక్కడ కృష్ణాలయం కట్టించాడు. హంపీ చూసొచ్చిన మనవాళ్లు ఎంతోమంది ఆ గుడి ముందు ఫొటోలు దిగుతారు, ఆ గుడి కట్టింది మన ఉదయగిరి దేవుడి కోసమని మాత్రం తెలియదు. ఈ మాట పిల్లలకు కొండ కింద నిలబెట్టి చెప్పండి. తర్వాత గోల్కొండ నవాబుల కాలం వచ్చింది, మసీదులు లేచాయి. గుళ్లు, మసీదులు, కోట గోడలు అన్నీ ఇప్పుడు ముళ్లకంపల మధ్య ఒకే కొండను పంచుకుని ఉన్నాయి.

పైకి ఎక్కాలంటే ఒక పూట కేటాయించాలి, తెలిసిన ఊరివాళ్లను వెంటబెట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనే ఆగిపోయి, ఉదయగిరి చెక్క స్పూన్లు చేసేవాళ్ల దగ్గర కూర్చోవడం మంచిది. చుట్టుపక్కల అడవిలో దొరికే కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. మా ఇంట్లో సీతాఫలం తినడానికి ఉదయగిరి స్పూనే వాడతాం. అంచు మెత్తగా ఉంటుంది కాబట్టి తొక్క లోపలి గరుకు పొర గీరుకోకుండా గుజ్జు ఒక్కటే వస్తుంది.

భైరవకోన ఎక్కడ? పిల్లలకు బాగుంటుందా?

చంద్రశేఖరపురం మండలంలో, కొత్తపల్లి దగ్గర. నెల్లూరు వైపు నుంచి సీతారామపురం మీదుగా, ఒంగోలు వైపు నుంచి కనిగిరి, పామూరు మీదుగా వస్తారు. గట్టి రాతి కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చెక్కారు. ఏడు తూర్పుకు చూస్తాయి, ఒకటి ఉత్తరానికి. ఒక్కో గుహలో చెయ్యి పెట్టి గోడను తడిమితే ఉలి దెబ్బలు వేళ్లకు తెలుస్తాయి. గుహల పక్కనే పైనుంచి జలపాతం దూకుతుంది. వానలు పడ్డాక, అంటే సరిగ్గా సీతాఫలాల రోజుల్లోనే, దాని అందం. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడి వెలుగు అమ్మవారి మీద పడుతుందని చెబుతారు, ఆ రాత్రి జనం విపరీతంగా ఉంటారు. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రోజు, కార్తీక సోమవారాలు తప్పించి మామూలు రోజున వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చు. జలపాతం కింద బండలు నాచు పట్టి ఉంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

సీతారామపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరం కూడా వెళ్లాలా?

టైముంటే తప్పకుండా. వెలిగొండ అడవిలో శివాలయం, చుట్టూ చెట్లు, నిశ్శబ్దం. ఊరి గోల వదిలించుకుని కాసేపు కూర్చోవాలనుకునేవాళ్లకు భైరవకోన కన్నా ఇదే నచ్చుతుంది.

మేం ఒంగోలు, మార్కాపురం వైపువాళ్లం. మాకు దగ్గరగా ఏముంది?

మీకు నల్లమల ఉంది. గిద్దలూరు, అర్ధవీడు, ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు అడవి పక్క ఊళ్లలో సీజన్‌లో రోడ్డు పొడవునా గంపలు కనిపిస్తాయి. దానికి జతగా కంభం చెరువు చూడండి. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య కట్టిన కట్ట అది. విజయనగర రాజుల నాటి ఈ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు దక్కింది. నీళ్లు బాగా వచ్చిన ఏడాది సాయంత్రం పూట కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. ఎండిన ఏడాది చూసినవాళ్లు "ఇదేనా కంభం చెరువు" అని నిరాశగా వెనక్కి వస్తారు. వానలు ఎలా ఉన్నాయో కనుక్కుని వెళ్లండి.

దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యంలోంచి వెళ్తుంది. రాత్రిపూట గేట్లు మూసేస్తారు. పొద్దు ఉండగానే దాటేలా చూసుకోండి.

మాలకొండ దారిలోనే కదా, శుక్రవారం వెళ్లి చూడొచ్చా?

వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా రోజుల్లో వెళ్తే దర్శనం ఉండదు. మాలకొండ కూడా అనుకుంటే శనివారానికే ప్లాన్ చేసుకోండి.

అడవిలో చెట్లకు కాయలు విరగగాసి ఉంటాయి కదా, మేమే కోసుకోవచ్చా?

వద్దు. ఎంత ముద్దుగా ఉన్నా చెయ్యి వెయ్యొద్దు. ఆ కొండలు చాలావరకు రిజర్వు ఫారెస్టు. అడవి ఫలసాయం ఏరుకునే హక్కు అడవిని నమ్ముకుని బతికేవాళ్లది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఆ హక్కును గుర్తించింది. నల్లమలలో చెంచులకు, కొండ కింది ఊళ్లలో కూలి కుటుంబాలకు ఈ రెండు నెలలు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఈ కాయతోనే. కారులో వచ్చి, కొమ్మ వంచి, ముదరని కాయలు కూడా తెంపి, సగం అక్కడే పారేసి పోయినవాళ్లను నేను చూశాను. చెట్టు కింద పడి ఉన్న ఆ కాయలు ఎవరి తిండో వాళ్లకు తెలియకపోవడమే నన్ను బాధపెడుతుంది.

పిల్లలకు కోసే సరదా తీరాలంటే మెట్టలో సొంత పొలం గట్ల మీద, బత్తాయి తోటల పక్కన సీతాఫలం పెంచుకున్న రైతులున్నారు. అడిగితే కాదనరు. కాయకు డబ్బు ఇచ్చి, వాళ్లు చూపించిన కొమ్మ నుంచే కోసుకోండి.

పాముల భయం ఉంటుందా?

ఉంటుంది. వానాకాలపు గడ్డి మోకాలెత్తు ఉంటుంది. బూట్లు వేసుకుని, కాలిబాట వదలకుండా నడవండి. రాళ్ల గుట్టల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. కరిస్తే మంత్రాలూ పసర్లూ అని టైము పోగొట్టకుండా, కదపకుండా పడుకోబెట్టి, నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

## కొనేటప్పుడు

"కన్ను విచ్చిన కాయ" అంటారు, అంటే ఏంటి?

సీతాఫలం కొనడంలో తెలుసుకోవాల్సినదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. కాయ మీద ఉబ్బెత్తుగా కనిపించే గడులే కళ్లు. కాయ లేతగా ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మధ్య గీత సన్నగా ఆకుపచ్చగా ఉంటుంది. ముదిరేకొద్దీ కన్నుకూ కన్నుకూ మధ్య సందు వెడల్పవుతుంది. ఆ సందు తెలుపు, మీగడ రంగు, పసుపు కలిసినట్టు మారుతుంది. అదే కన్ను విచ్చడం. అలాంటి కాయ చేతికి రాయిలా గట్టిగా తగిలినా రెండు మూడు రోజుల్లో మగ్గుతుంది. కన్ను విచ్చని కాయ పది రోజులు దాచినా మగ్గదు, నల్లబడి ముడుచుకుపోతుంది.

నాకు ఇది నేర్పింది సీతారామపురం రోడ్డు మీద ఒక అవ్వ. నేను సైజు చూసి పెద్ద కాయలు ఏరుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "లావు చూడబాక అబ్బయ్యా, కన్ను చూడు" అంది. గంపలోంచి నిమ్మకాయ కన్నా కాస్త పెద్దదొకటి తీసి, రెండు బొటనవేళ్లతో నొక్కి విప్పింది. లోపల తెల్లటి గుజ్జు, గింజ గింజకూ ఒక తొన, మధ్య కాడ తేలిగ్గా ఊడొచ్చింది. నోట్లో వేసుకుంటే సన్నటి చక్కెర పలుకులు తగిలినట్టుంది. పెద్ద కాయలన్నీ వెనక్కి పెట్టేశాను.

అన్నీ పండ్లే కొనాలా, కాయలు కొనాలా?

అక్కడే తినడానికి పండ్లు, ఇంటికి కన్ను విచ్చిన కాయలు. పండును ఎంత జాగ్రత్తగా పెట్టినా గంట ప్రయాణానికే పగులుతుంది. మూడు నాలుగు రోజుల పాటు తినాలనుకుంటే సందు బాగా వెడల్పయినవి కొన్ని, అప్పుడప్పుడే తెల్లబడుతున్నవి కొన్ని కలిపి తీసుకోండి. ఒకేరకం తెస్తే అన్నీ ఒకే రోజు మగ్గి, ఇరుగుపొరుగుకు పంచడమే పని అవుతుంది.

బేరం ఆడొచ్చా?

గంప మీద కొనేటప్పుడు కొంచెం ఇటూ అటూ మాట్లాడుకోవడం మామూలే. కానీ ఆ గంప అమ్మే ఆమె తెల్లవారుజామున కొండెక్కి, ముళ్లల్లో తిరిగి, గంప నెత్తిన పెట్టుకుని దిగి రోడ్డు దాకా వచ్చిందని గుర్తుపెట్టుకోండి. టౌన్‌లో బండి మీద ఇదే కాయకు ఎంత ఇస్తారో అంతకు తక్కువ ఇవ్వకండి. అడగకుండానే నాలుగు కాయలు కొసరు వేస్తారు, అది ఆ పల్లెల మర్యాద.

కొండ కాయకూ తోట కాయకూ తేడా ఏంటి?

తోటల్లో ఎక్కువగా బాలానగర్ రకం వేస్తారు. ఆ పేరు పాలమూరు వైపు బాలానగర్ నుంచి వచ్చింది. కాయ పెద్దది, గుజ్జు ఎక్కువ. కొండ కాయ చిన్నది, గింజ ఎక్కువ, వాసన, తీపి మాత్రం ఘాటు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసిన అర్కా సహన్ అనే సంకర రకంలో గింజలు తక్కువ. పిల్లలకు గింజలు విసుగైతే అది బాగుంటుంది. నా ఓటు కొండ కాయకే.

కాయ మీద తెల్లటి పొడి ఉంది, మందు కొట్టారా?

కళ్ల సందుల్లో దూదిలా అంటుకుని ఉంటే అది పిండినల్లి, ఒక రకం పురుగు. తడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది. లోపలి గుజ్జుకు ఏమీ కాదు. బాగా పట్టి ఉన్న కాయలు మాత్రం తీసుకోకండి, మిగతావాటికి అంటుకుంటుంది.

## ఇంటికొచ్చాక

ఎలా మగ్గబెట్టాలి?

వరిగడ్డిలో, లేదంటే బియ్యం డబ్బాలో. ఒకదాని మీద ఒకటి పడకుండా వరుసగా పేర్చండి. రోజూ పొద్దున, సాయంత్రం వేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తబడినదాన్ని వెంటనే బయటికి తీయండి. కార్బైడ్ పొడి జోలికి మాత్రం పోవద్దు, దానితో పండ్లు మగ్గబెట్టడాన్ని ప్రభుత్వం నిషేధించింది.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

కాయను పెట్టకూడదు. చలికి తొక్క నల్లబడి, లోపల మగ్గకుండా ఆగిపోతుంది. పండాక అయితే ఒక రోజు పెట్టుకోవచ్చు. ఎక్కువ ఉంటే గింజలు తీసి గుజ్జును డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. చల్లారిన పాలల్లో కలిపితే పాయసం లాగా ఉంటుంది. గుజ్జును పొయ్యి మీద మరిగిస్తే చేదెక్కుతుంది, పాలు దించి చల్లారాకే కలపాలి.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

100 గ్రాముల గుజ్జులో దాదాపు 23 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి, అందులో చాలావరకు చక్కెరే. పీచు, విటమిన్ సి ఉన్న మంచి పండే అయినా, షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడిగి తినాలి. మా అమ్మకు షుగర్. కూర్చుంటే నాలుగైదు పండ్లు తినేసే మనిషి, ఇప్పుడు అన్నం తగ్గించుకున్న రోజున చిన్న కొండ కాయ ఒక్కటి తింటుంది. ఆ ఒక్కటీ అరగంట తింటుంది.

పిల్లాడు గింజ మింగాడు. ప్రమాదమా?

నలగకుండా మింగితే మామూలుగా అలాగే బయటికి పోతుంది. చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడకుండా గింజలు తీసి పెట్టండి. ప్రమాదం గింజ లోపలి పప్పులో ఉంది, అది విషం. పేలకు మందని గింజలు నూరి తలకు పట్టించే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది, భరించలేని మంట పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. పొరపాటున కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడిగి, వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గింజ నాటితే చెట్టు వస్తుందా? కాయ కాస్తుందా?

వస్తుంది, కాస్తుంది. గింజలు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఇసుక కలిసిన మట్టిలో వేలి కణుపు లోతున పెట్టండి. మొలకకు నెల పైనే పట్టొచ్చు, ఓపిక పట్టాలి. నీళ్లు నిలవని చోట, ఎండ తగిలేలా నాటితే మూడు నాలుగేళ్లలో కాపుకొస్తుంది. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఉదయగిరి నుంచి తెచ్చిన పండు గింజ ఇంటి వెనక ప్రహరీ పక్కన పాతింది. పదో తరగతి దసరా సెలవుల్లో దానికి మూడు కాయలు వచ్చాయి. రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ వెళ్లి, కన్ను విచ్చిందా లేదా అని చూసొచ్చేది.